పలకొద్దన్న మాట

“ఆ సిడ్నీ పిల్ల నది అవతలి గట్టున నిలబడి పిలిచి, ఇవతల నుంచి ఎవరూ పలక్కపోతే?” అన్నాను.

అనకూడదు. చెడ్డమాట పైకి అంటే దానికి దారి చూపించినట్టేనని మా అమ్మ చిన్నప్పుడు నా మూతి మీద ఒకటి వేసేది. కానీ నాకు లోపల దాచుకోవడం చేతకాదు. భయం పుట్టిందంటే అది నోట్లోంచి బయటికొచ్చి బల్ల మీద కూర్చోవలసిందే.

క్లారీ మామ రొట్టెముక్క టీలో ముంచుకుని, కారేలోపల నోట్లో వేసుకున్నాడు.

“జూన్ ఇంకా సగం కాలేదు. బస్సు బయల్దేరలేదు. నువ్వప్పుడే ఆ పిల్లని ఏడిపించి వెనక్కి పంపేశావు. నిన్ను వానల ఆఫీసులో పెట్టాలే వెర్నా. మబ్బు పట్టకముందే వరద చెప్పేస్తావు.”

“నీకేం మామా, నవ్వుతావు. పలకాల్సింది నువ్వు కాదుగా.”

“నేను పలికితే అవతలి నుంచి గొర్రెలు తప్ప ఎవరూ రారు.”

ఉల్లిపాయలు కోస్తున్న నా కూతురు షాంటెల్ పకపకా నవ్వింది.

“మెల్లగా నవ్వవే. అమ్మమ్మ వింటుంది.”

“అమ్మమ్మకి చెవుడు కదమ్మా?” అంది, కన్ను కొట్టి.

చెవుడు లేదు. నది మీద చేప ఎగిరితే వంటింట్లోంచి వింటుంది మా అమ్మ. కానీ పిలిస్తే పలకదు. నా చిన్నతనం నుంచీ అంతే. పడిపోయినా, పాము కనిపించినా, అమ్మా అని అరిస్తే లాభం లేదు. లేచి వెళ్ళి ఆమె ఎదురుగా నిలబడాలి. అప్పుడు అడుగుతుంది, ఏమైందే అని. టౌనులో అందరూ ఎల్సీకి చెవుడు అనుకుంటారు. కొట్లోవాడు ఆమెకోసం చేతులు ఊపుతూ ధరలు చెబుతాడు. అమ్మ వాడిని అలా ఊపనిస్తుంది.

ఆ రోజూ వెనక వరండాలో నదివైపు తిరిగి కూర్చుని ఉంది. మా మాటలన్నీ ఆమె వీపుకి తగులుతూనే ఉన్నాయి.

మా నది ఊరి కింద ఒక చోట మోచెయ్యిలా వంగుతుంది. ఒకప్పుడు మా వాళ్ళని పోగేసి ఉంచిన చర్చివాళ్ళ మిషన్ ఉన్నది ఆ వంపులోనే. మిషన్‌కి ముందునుంచీ, తెల్లవాళ్ళు రాకముందునుంచీ, అది మా ఆదివాసీల చోటు. అక్కడికి ఎవరూ తిన్నగా నడిచి రారు. వచ్చినవాళ్ళు అవతలి గట్టునే ఆగాలి. చిన్న మంట వేసి పచ్చి ఆకులు కప్పి పొగ పెట్టాలి. కూర్చోవాలి. అప్పుడు పిలవాలి. ఇవతల ఉన్న ఆడవాళ్ళలో అందరికన్నా పెద్దది పలకాలి. పలికితే దాటి రావచ్చు. పలక్కపోతే మంట మీద ఇసక పోసి, వచ్చిన దారినే వెళ్ళిపోవాలి. ఎందుకు పలకలేదని అడగరు. కోపం పెట్టుకోరు. పెద్దది కూర్చుని ఉండగా చిన్నది నోరెత్తకూడదు.

ఎన్నో ఏళ్ళుగా జూలైలో మా ఆదివాసీల పండగ వారం టౌను పార్కులోనే చేసుకున్నాం. జెండా ఎగరెయ్యడం, మేయరు రెండు మాటలు, కాల్చిన సాసేజీలు, ఇళ్ళకి. ఆ ఏడు క్లారీ మామ కమిటీలో కూర్చుని బల్ల గుద్దాడు. వంపులోనే చేద్దాం, అక్కడి నుంచి సర్కారు వాళ్ళు చిన్నప్పుడే ఎత్తుకుపోయిన పిల్లల కుటుంబాలని పిలుద్దాం, పాత పద్ధతిలోనే దాటి రానిద్దాం అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, వంపు ఆడవాళ్ళలో మిగిలిన పెద్దది మా అమ్మ అని.

అది చాలదన్నట్టు ఫోను వచ్చింది. సిడ్నీ నుంచి ఎవరో రోవెనా అట. వాళ్ళమ్మది మా వంపేనట. రెండేళ్ళ కిందట పోయిందట. పేరు చెప్పబోతుంటే మామ అడ్డుపడ్డాడు. “ఆగు తల్లీ. పోయినవాళ్ళ పేరు అనకు. చిన్నప్పుడు ఎక్కడ ఆడుకునేదో చెప్పు, చాలు.” ఆమె చెప్పింది. ఆకుపచ్చ రంగు వేసిన చర్చి మెట్లు. ఒక అక్క. అక్కకి ఎడమ కనుబొమ్మని చీల్చుతూ మచ్చ.

ఆ మచ్చ మా వరండాలో కూర్చుని ఉంది.

మా ముందుగదిలో గోడకి ఒక్కటే ఫోటో. ఆ మెట్ల మీద ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది అమ్మ, చిన్నది పిన్ని. మనిషి పోతే మాలో పేరు అనరు, ఫోటో ఉంటే గోడవైపు తిప్పుతారు. పిన్ని ఉందో పోయిందో ఎవరికీ తెలీదు గనక అమ్మ ఆ ఫోటో తిప్పలేదు. అలాగని పేరూ అనలేదు, ఒకవేళ పోయి ఉంటే తప్పవుతుందని. నేను పుట్టినప్పటి నుంచీ ఆ పిల్ల మా ఇంట్లో అలాగే ఉంది. ఉన్నవాళ్ళలో కలవకుండా, పోయినవాళ్ళలో కలవకుండా, నేను గది ఊడ్చే వైపే చూస్తూ.

“చెప్పాలి మామా,” అన్నాను గొంతు తగ్గించి.

“నువ్వే చెప్పు. నీ అమ్మ.”

“నీ అక్క.”

మామ ఇంకో రొట్టె తీసుకున్నాడు. ఇద్దరం చెప్పలేదు.

* * *

సాయంత్రాలు క్లారీ మామ ఆడపిల్లలని మైదానంలో పోగేసి మా పాత చిందు ఆట నేర్పేవాడు. మాకు జూన్, జూలైలే చలికాలం. షాంటెల్ ముఖాన తెల్లసుద్ద చారలతో, చలికి ముక్కు ఎర్రబడి ఇంటికొచ్చేది. జ్వరం వస్తుందే అంటే, ఆడుతుంటే చెమట పడుతుందమ్మా అనేది. చెమట మీద చలిగాలి తగిలితేనే కదా ఊపిరితిత్తులకి పట్టేది! పదహారేళ్ళ పిల్లకి ఎవరు చెప్పగలరు.

ఒకరోజు నేను తీగ మీద బట్టలు తీస్తున్నాను. ఎండక, చలికి తువ్వాళ్ళు అట్టల్లా బిగుసుకున్నాయి. పొద్దు చెట్ల వెనక్కి జారింది. షాంటెల్ వెనక మెట్ల మీద నిలబడి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని పిలిచింది. మామ నేర్పిన పిలుపు. కింద మొదలై, సాగి, చివర్న పైకి లేస్తుంది.

పొద్దు దిగాక నదిని పిలవకూడదు. బయటి నుంచి పిలుపు వస్తే పలకకూడదు. మా ఇంట్లో పసిపిల్లకి కూడా తెలుసు. నేను అరిచేలోపే ఆ పిలుపు అవతలికి వెళ్ళిపోయింది.

తిరిగొచ్చింది.

గట్టు మాటని తిప్పి ఇస్తుందని నాకూ తెలుసు. కానీ వచ్చింది నా కూతురి గొంతు కాదు. సన్నగా ఉంది. పళ్ళూడిన పిల్ల గొంతు. ఆ గొంతు నాకు కొత్త కాదు. చిన్నప్పుడు చలికాలం సాయంత్రాలు రెండు మూడుసార్లు విన్నాను. చెబితే అమ్మ నన్ను లోపలికి లాగి తలుపు వేసింది తప్ప, ఏమీ లేదనలేదు.

తువ్వాళ్ళు అక్కడే పడేసి షాంటెల్ జబ్బ పట్టుకుని లోపలికి ఈడ్చాను.

“బుద్ధుందా నీకు? పొద్దెక్కడుందో చూశావా?”

“ప్రాక్టీసమ్మా! వదులు, నొప్పి!”

వంటింట్లో అమ్మ నిలబడి ఉంది. కప్పు చేతిలోనే ఉంది, టీ అంతా గౌను మీద ఉంది. వేడి తెలుస్తున్నట్టు లేదు.

“ఎవర్ని పిలిచావే?” అంది షాంటెల్‌ని.

“ఎవర్నీ కాదు అమ్మమ్మా. ఊరికే ప్రాక్టీసు.”

“నదికి ప్రాక్టీసు తెలీదు.”

అమ్మని కూర్చోబెట్టి తడి గౌను తుడిచాను. షాంటెల్ బిక్కమొహంతో ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది. నేను దీపం వేశాను. అమ్మ వేలితో షాంటెల్ ముఖం మీది తెల్లచార ఒకటి చెరిపి, చెరిపిన చోటే మళ్ళీ గీసింది. తర్వాత, నేను అడిగి అడిగి వదిలేసిన సంగతి, ఎవరూ అడక్కుండానే చెప్పింది.

“సర్కారు కారు మలుపు తిరగడం మా అమ్మ చూసింది. నన్ను జమ్ములోకి తోసింది. చెల్లిని కట్టెలకుప్ప వెనక పెట్టింది. ఎవరు పిలిచినా పలకొద్దు అంది. నేను పిలిచినా పలకొద్దు. నేనే వచ్చి, తల మీద చెయ్యి పెట్టి, ఇక పలకొచ్చు అనేదాకా గాలి కూడా గట్టిగా పీల్చొద్దు అంది. నీళ్ళు నడుము దాకా ఉన్నాయి. ఇలాంటి చలే.”

“తర్వాత?”

“చెల్లికి ఒంటరిగా ఉండటం చేతకాదు. కాసేపు ఓర్చుకుంది. తర్వాత పిలిచింది. అక్కా అని, మెల్లగా. నేను పలకలేదు. ఇంకోసారి పిలిచింది, గట్టిగా. ఆ పిలుపు పట్టుకునే వాళ్ళు కట్టెల వెనక్కి పోయారు. తర్వాత కారు తలుపు పడ్డ చప్పుడు.”

“నువ్వు పలికుంటే నిన్ను కూడా పట్టుకునేవాళ్ళు అమ్మమ్మా.”

“మొదటిసారి మెల్లగా పలికుంటే, అది రెండోసారి పిలిచేది కాదే.”

షాంటెల్ అమ్మమ్మ మోకాలి మీద చెయ్యి వేసింది. “మరి మీ అమ్మ వచ్చి పలకొచ్చు అందా?” అని అడిగింది.

“అమ్మ కారు వెనక పరిగెత్తింది. తిరిగొచ్చాక దానికి మాట లేదు. ఆ చలికాలంలోనే ఆస్పత్రిలో పోయింది. నన్ను జమ్ములోంచి తీసింది మా చిన్నమ్మ, క్లారీ వాళ్ళమ్మ. తల మీద చెయ్యి కూడా పెట్టింది. కానీ ఆ మాట అనాలని దానికి తెలీదు కదా.”

అమ్మ లేచి కప్పు కడుక్కుంది.

“ఎవరూ అనలేదు,” అంది కుళాయి కింద.

పొయ్యి దగ్గర నిలబడి నేను నా కూతురి వంక చూశాను. దానికి ఆ మాట నేనూ చెప్పాను. కిందటి చలికాలం నా తమ్ముడి పిల్లలని సర్కారు ఆఫీసు వాళ్ళు తీసుకుపోయినప్పుడు. ఇప్పుడు వాళ్ళు మర్యాదగా వస్తారు. పాదాలు తుడుచుకుంటారు. టీ ఇస్తే తాగుతారు, బావుంది అంటారు. అందుకే, నేను ఇంట్లో లేనప్పుడు ఎవరు తలుపు కొట్టినా పలకొద్దు, పేరు పెట్టి పిలిచినా పలకొద్దు అన్నాను. పదహారేళ్ళ పిల్లకి. ఎప్పటిదాకా అని అది అడిగింది.

* * *

నల్లపిట్ట ఒకటి, ఆ తోకాడించేది, మా వంటింటి గడప మీదికి రావడం మొదలుపెట్టింది. అది చావుకబురు మోస్తుందంటారు. నేను చీపురు విసిరితే కంచె మీదికి ఎగిరి, తోక ఊపి, మళ్ళీ వచ్చేది.

ఇంటికి వచ్చేపోయేవాళ్ళూ ఎక్కువయ్యారు. పక్కింటి ఆవిడ రొట్టె కాల్చి తెచ్చింది. క్లారీ మామ పెద్ద చేప తెచ్చి, శుభ్రం చేసి మరీ ఇచ్చి, తల దించుకుని వెళ్ళిపోయాడు. నేను ప్రతి పొద్దున ఈరోజు చెబుదాం అనుకునేదాన్ని. ప్రతి సాయంత్రం అమ్మ వీపు చూసి ఆగిపోయేదాన్ని. గుండె ఆగిపోతే? రాత్రంతా మాట లేకుండా కూర్చుంటే? వాళ్ళమ్మలాగే?

జూలై మొదటివారంలో ఒక పొద్దున ముందుగది ఊడవడానికి వెళ్ళాను. ఫోటో గోడకి తిరిగి ఉంది. వెనకవైపు అట్ట, తుప్పు పట్టిన మేకు, పాత సాలెగూడు.

చీపురు పట్టుకుని అలాగే నిలబడ్డాను. నన్ను చూసే చూపు ఆ గదిలో లేదు.

వంటింట్లో అమ్మ పిండి కలుపుతోంది.

“ఏంటలా చూస్తావు? టీ చల్లారుతోంది.”

“అమ్మా, ఎవరు చెప్పారు?”

“ఎవరు చెప్పాలి? ఇన్ని రోజులై క్లారీ నా చెవుడు మీద ఒక్క జోకు వెయ్యలేదు. ఇంట్లో చావుంటే తప్ప వాడి నోరు మూతపడదు.” పిండి తిప్పి కొట్టింది. “నువ్వేమో నాకు గుడ్డు ఒలిచి పెడుతున్నావు. నేనేం పసిపిల్లనా?”

నేను వెళ్ళి ఆమె పక్కన బల్ల మీద కూర్చున్నాను. మాలో అలాంటప్పుడు మాట్లాడరు. పక్కన కూర్చుంటారు, అంతే. ఆమె చేతులు పిండిలోనే ఉన్నాయి. పిండి తడి చాలిందా లేదా అన్నట్టు చాలాసేపు దాన్నే చూసింది.

“వచ్చేది దాని కూతురా?”

“అవును.”

“అయితే నాకూ కూతురే.”

“అవునమ్మా. నాకు చెల్లెలు.”

“తోక పులుసు పెడతాను. ఊళ్ళో కుర్రాళ్ళకి చెప్పు, కంగారూ తోకలు లావుపాటివి తెమ్మని. పోయినసారివి ఎలకతోకల్లా ఉన్నాయి.” రొట్టె గుండ్రంగా చేసి పక్కన పెట్టింది. “పులుసు వరకే. పలకడం నా వల్ల కాదు. క్లారీకి చెప్పు.”

బతిమాలవలసింది. బతిమాలలేదు. నాకు లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. పలికితే ఇంకేం పలుకుతుందో. అవతలి నుంచి ఆ పిల్ల మాత్రమే వస్తుందని ఎవరు చెప్పారు? తలుపు ఒకసారి తీశాక, ఎవరికోసం తీశామో వాళ్ళే రావాలని లేదు కదా.

క్లారీ మామ విని చాలాసేపు టోపీ తిప్పుకున్నాడు. టౌను ఆఫీసు నుంచి సాయానికి వచ్చిన అమ్మాయి, మంచి పిల్లే, పెద్దవాళ్ళు పలికిన పాత టేపు ఏదైనా ఉంటే మైకులో వేద్దామా అంది.

“వేద్దాం తల్లీ,” అన్నాడు మామ. “అవతలి వాళ్ళని కూడా టేపు పంపమందాం. టేపూ టేపూ మాట్లాడుకుంటాయి, మనం ఇంట్లో వెచ్చగా పడుకుందాం.”

ఆ అమ్మాయి ముందు సిగ్గుపడి, తర్వాత నవ్వింది. మామ నవ్వలేదు.

“వాళ్ళకి చెప్పొద్దా మామా, రావద్దని?”

“ఏం చెప్పను? మీ అమ్మని ఎక్కడి నుంచి ఎత్తుకుపోయారో అక్కడికి నువ్వు రాకు అనా? రానీ వెర్నా. పిలవనీ. పలక్కపోతే పలక్కపోయారు. పిలిచానన్న మాట దక్కుతుంది.”

ఆ మాట నన్ను ఓదార్చలేదు. పిలిచి, వినబడి, ఎవరూ పలక్కపోవడం అంటే ఏమిటో మా ఇంట్లో ఒక మనిషి అప్పటికే మోస్తోంది. పిన్ని కూతురికి కూడా అదే ఇచ్చి పంపుతామా?

* * *

శనివారం వంపులో మా జనమంతా ఉన్నారు. ఎప్పుడూ రానివాళ్ళు కూడా. ముసలివాళ్ళకి కుర్చీలు, కంబళ్ళు. పిల్లలకి ఎర్రమట్టి, తెల్లసుద్ద. బూడిదలో రొట్టెలు, పెద్ద గుండిగలో తోక పులుసు. అమ్మ గరిటె ఇంకొకరికి ఇవ్వలేదు. అడిగినవాళ్ళందరికీ పెట్టింది, అడగనివాళ్ళని తిట్టి పెట్టింది.

“అక్కా, ఉప్పు కాస్త తగ్గింది,” అన్నాడు మామ. చాలా రోజుల తర్వాత ఆమెతో తిన్నగా అన్న మాట.

“నీ నాలిక చచ్చింది.”

“అక్కకి చెవులొచ్చాయిరోయ్!” అని అరిచాడు మామ. అందరూ ఘొల్లుమన్నారు. అమ్మ గరిటె ఎత్తింది. నాకు ఒక్క నిమిషం ఊపిరి తేలికైంది. ఒక్క నిమిషమే.

బస్సు ఆలస్యమైంది. టైరు పోయిందని ఫోను. నేను చెట్లకేసి చూస్తూనే ఉన్నాను. పొద్దు ఒక్కో కొమ్మ దిగుతోంది. పిల్లలు ఆడినదే మళ్ళీ ఆడారు. తాళం కర్రలు కొట్టేవాళ్ళ చేతులు నొప్పిపుట్టాయి. అన్నం వేళ దాటింది, టీ వేళ దాటింది. చీకటి పడితే ఎవరూ పలకరు, పలకాలనుకున్నా పలకరు. అదే మంచిదేమో అని ఒక మనసు. నా కళ్ళు మాత్రం అవతలి దారి మీదే ఉన్నాయి.

వచ్చింది. తెల్ల బస్సు, దుమ్ము కొట్టుకుని. మనుషులు దిగారు. కోట్లు, మెడకి ఉన్ని గుడ్డలు, చంకల్లో పసిపిల్లలు. ఒక ఆడమనిషి ముందుకొచ్చి నీటి అంచున ఆగింది. నడుము మీద చెయ్యి పెట్టుకుని, తల ఒక పక్కకి వంచి. అలా నిలబడేది మా అమ్మ. ఇంత దూరం నుంచి కూడా పోల్చుకున్నాను.

మంట వేశారు. పచ్చి ఆకులు కప్పారు. పొగ లేచి నీటి మీదికి వంగింది. కూర్చున్నారు. మా వైపు కర్రలు ఆగాయి. పిల్లలని తల్లులు ఒళ్ళోకి లాక్కున్నారు.

రోవెనా పిలిచింది.

ఫోనులో నేర్చుకున్న పిలుపు. మధ్యలో జారింది, చివర్న లేవలేదు. బస్సు పోతుంటే ఆపమని అరిచినట్టుంది. ఎవరో పిల్లవాడు కిసుక్కుమన్నాడు, వాళ్ళమ్మ నోరు మూసింది.

అమ్మ మడతకుర్చీలో ఉంది. గరిటె ఒళ్ళో పెట్టుకుంది. చూపు అవతలి గట్టు మీద లేదు. మా వైపు అంచున, ఎండిపోయి గోధుమరంగుకి తిరిగిన జమ్ము మీద ఉంది.

రోవెనా రెండోసారి పిలిచింది. ఈసారి గట్టిగా.

అమ్మ పెదాలు లోపలికి పోయాయి. పళ్ళతో పట్టుకుంది వాటిని.

చెట్ల మీది తెల్ల చిలకలు అరిచి అరిచి ఊరుకున్నాయి. క్లారీ మామ నా వైపు చూశాడు. ఊరంతా నా వైపు చూసినట్టే ఉంది. షాంటెల్ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ముఖాన చారలు, వాటి మధ్య నుంచి తడి.

“అమ్మా. ఏదో ఒకటి చెయ్యమ్మా.”

“నేనేం చేసేదే?”

అవతల రోవెనా లేచింది. మామ ఆమెకి పద్ధతంతా చెప్పాడు, పలక్కపోతే ఏం చెయ్యాలో కూడా. వంగి, దోసిలితో ఇసక తీసి మంట మీద పోసింది. మళ్ళీ తీసి పోసింది. పొగ సన్నబడింది. ఎవరో పిల్లల్ని బస్సు ఎక్కిస్తున్నారు.

బస్సు తలుపు పడ్డ చప్పుడు నీటి మీదుగా వచ్చింది.

అమ్మ ఒళ్ళంతా ఒక్కసారి కుదిపినట్టయింది. గరిటె కింద పడింది. ఆమె కళ్ళు చూశాను. ఆ కళ్ళు డెబ్భై ఏళ్ళ మనిషివి కావు. నడుము లోతు నీళ్ళలో ఉన్న పిల్లవి.

నేను వెళ్ళి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాను. తల్లి తల మీద కూతురు చెయ్యి పెట్టడం మాలో లేదు. పెట్టాను. జుట్టు చల్లగా ఉంది.

“అమ్మా,” అన్నాను. “కారు వెళ్ళిపోయింది. ఇక పలకొచ్చు.”

ఆ మాట మీద నాకు నమ్మకం లేదు. కారు వెళ్ళిపోయిందని నేను ఏనాడూ అనుకోలేదు, ఇవాళా అనుకోను. అయినా అన్నాను. నా వెనక నా కూతురు వింటోంది.

అమ్మ నన్ను చూసింది. నా ముఖంలో ఎవరిదో ముఖం వెతుకుతున్నట్టు, చాలాసేపు. పొద్దు ఆఖరి కొమ్మ మీద ఉంది. అవతల రోవెనా వీపు తిప్పి, చేతుల ఇసక దులుపుకుంటోంది.

అమ్మ లేచింది. కంబళి జారిపోయింది. నడిచింది. బూట్లతోనే నీళ్ళలోకి దిగింది. అమ్మా చలి, ఊపిరితిత్తులకి పడుతుంది అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. జమ్ము రెండు పక్కలకీ తోసుకుంటూ మోకాళ్ళ లోతుకి వెళ్ళి ఆగింది. వెనక నుంచి ఆమె తెల్లజుట్టు ఒక్కటే కనిపిస్తోంది.

నీళ్ళు గులకరాళ్ళ మీద పోతున్న చప్పుడు. ఇంకేం లేదు.

అప్పుడు పలికింది. క్లారీ మామ నేర్పే పిలుపు కాదు, పెద్దవాళ్ళు పలికే తీరు కాదు. మా పాత భాషలో, చిన్నపిల్ల గొంతుతో, మెల్లగా మొదలై నది దాటేంత గట్టిగా.

“ఇక్కడే ఉన్నా. జమ్ములోనే ఉన్నానే చెల్లీ. రా.”